పెట్టె కడితే చాలు, ఫొటోలు భద్రం

నాణ్యత కాస్త తగ్గినా పర్వాలేదనుకున్నవాళ్లకు 2021 మే నెలాఖరు దాకా గూగుల్ ఫొటోస్ ఎన్ని ఫొటోలైనా ఊరికే దాచిపెట్టింది. జూన్ 1 నుంచి లెక్క మొదలైంది. మెయిలూ డ్రైవూ ఫొటోలూ అన్నీ కలిపి 15 జీబీ, ఆపైన డబ్బు కట్టాలి. పెళ్లి వీడియో ఒక్కటే దానికి పదింతలుండే ఇళ్లలో ఇది కుదిరే పని కాదు. అందుకే ఇప్పుడు చాలా ఇళ్లలో ఎవరో ఒకరు, సాధారణంగా సాఫ్ట్‌వేరు బావగారు, రూటర్ పక్కన నాలుగు హార్డ్ డిస్కుల పెట్టె ఒకటి పెట్టి ఇంటిల్లిపాది ఫొటోలూ అందులోకి ఎక్కిద్దామంటున్నారు. దాన్నే నాస్ అంటారు. ఫోను, ల్యాప్‌టాప్, టీవీ అన్నీ ఇంటి నెట్‌వర్క్ మీదుగా దాన్లోనే దాచుకుంటాయి, దాన్లోంచే తీసుకుంటాయి.

ఆలోచన మంచిదే. కానీ దీని గురించి నలుగురినీ అడగడం మొదలుపెడితే భయపెట్టేవాళ్లే ఎక్కువ. బ్యాకప్ ఏదంటారు, యూపీఎస్ ఉందా అంటారు, పాస్‌వర్డ్ మార్చారా అంటారు. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడం ఎందుకు? పెట్టె కట్టడం ఒక్క ఆదివారం పని. ఇక్కడ రాసినట్టు చేయండి.

సామాను

అటక మీద పాత డెస్క్‌టాప్ ఉండే ఉంటుంది, అబ్బాయి ఇంజినీరింగ్ చదివిన రోజులది. దాన్నే దించండి. కొనేది లేదు కాబట్టి ఖర్చు సున్నా. అది ఊరికే ఆన్‌లో ఉన్నా 60 వాట్లు తాగుతుందని, రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 43 యూనిట్లు అవుతుందని, దాంతో బిల్లు పై శ్లాబులోకి ఎక్కుతుందని లెక్కలు చెప్పేవాళ్లుంటారు. కరెంటు బిల్లు నాన్నగారి పేరు మీద వస్తుంది. సర్వర్ మీది. ఆ పద్దూ ఈ పద్దూ కలపకండి.

హార్డ్ డిస్కుల కోసం సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి కొత్తవాటి ధరలు విని నీరసపడే బదులు మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీని కలవండి. సీసీ కెమెరాల డీవీఆర్ మార్చినప్పుడు పాత డిస్క్ మిగిలే ఉంటుంది, అడిగితే ఊరికే ఇస్తారు. ఏళ్ల తరబడి పగలూ రాత్రీ ఆగకుండా తిరిగిన డిస్క్ అది. అంత అనుభవం కొత్త డిస్క్‌కు ఎక్కడి నుంచి వస్తుంది?

కొత్తవే కావాలని ఇంట్లో పట్టుబడితే డబ్బా మీద రెండే చదవండి: ఎన్ని టెరాబైట్లు, ఎంత ధర. ఎస్ఎంఆర్ అని, సీఎంఆర్ అని షాపువాణ్ణి విసిగించకండి. ఎస్ఎంఆర్ డిస్కులో ట్రాకులు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకటి తిరగరాయాలంటే దాని పక్కవాటిని కూడా కదిలించాలి. ఫొటోలు ఒకసారి పోసి వదిలేస్తే ఇబ్బంది తెలియదు. నాలుగింటిలో ఒకటి పోయి, దాని స్థానంలో పెట్టిన కొత్తదాన్ని మొదటి నుంచి చివరి దాకా నింపాల్సి వచ్చినప్పుడు గంటల్లో అయ్యే పని రోజుల్లోకి వెళుతుంది. వెస్టర్న్ డిజిటల్ వాళ్లు నాస్ కోసమే అని అమ్మిన రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ దాకా ఉన్న కొన్నింట్లో ఈ పద్ధతి వాడుతూ ఆ మాట పైకి చెప్పలేదని 2020లో పెద్ద గొడవయింది. తర్వాత, ట్రాకులు ఇలా ఒకదాని మీద ఒకటి ఎక్కని సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టారు. తయారు చేసినవాళ్లే చెప్పనక్కర్లేదనుకున్న సంగతి కొనేవాళ్లం మనకెందుకు?

నాలుగూ ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే బ్యాచ్‌లోవి కొనండి. సీరియల్ నంబర్లు వరసగా ఉంటే మరీ శుభం. ఒకే రోజు తయారై, ఒకే పెట్టెలో, ఒకే వేడిలో, ఒకే పని చేసిన డిస్కులు కష్టసుఖాల్లో కలిసే ఉంటాయి. ఒకటి పోయాక మిగతావి ఎక్కువ రోజులు బెంగపడనవసరం ఉండదు.

క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన ఎస్ఎంపీఎస్ చాలు. ఆన్ చేసిన మొదటి కొన్ని క్షణాల్లో ఒక్కో డిస్క్ 12 వోల్టుల లైను మీద రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. నాలుగూ ఒక్కసారిగా లేస్తే వంద వాట్ల దగ్గరికి వెళుతుంది. పాతది కాబట్టి దానికా పరీక్ష అలవాటే. సాటా కనెక్టర్లు చాలకపోతే మోలెక్స్ కన్వర్టర్ వేయండి, అందులోనూ ప్లాస్టిక్ అచ్చుపోసిన చౌక రకం. అవి లోపల షార్టయి కాలతాయని కంప్యూటర్లు కట్టేవాళ్లు చెప్పుకుంటుంటారు. వాసన వస్తే కిటికీ తెరవండి.

ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ. బీరువాలో పెట్టి తాళం వేస్తే దొంగల భయం ఉండదు, గాలి భయమూ ఉండదు. వంటింట్లో గ్రైండర్ ఉన్న బండ కూడా అనుకూలమే. సన్ మైక్రోసిస్టమ్స్‌లో బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజినీరు డిస్కుల ర్యాక్ మొహం మీద గట్టిగా అరిచి, ఆ అదురుకు డిస్కులు జవాబివ్వడం ఎలా ఆలస్యమవుతుందో గ్రాఫ్‌లో చూపిస్తూ వీడియో తీశాడు. గ్రైండర్ అరవదు, కేవలం అదురుతుంది. చల్లదనం కోసం క్యాబినెట్ పక్క మూత తీసేయండి. లోపల వెచ్చగా ఉంటుంది కాబట్టి బల్లులు వస్తాయి. తల మీద పడితే ఏమిటి, భుజం మీద పడితే ఏమిటి అని పంచాంగంలో అన్నీ రాశారు. మదర్‌బోర్డు మీద పడితే ఫలితం రాయలేదు. అంటే దోషం లేనట్టే.

రెయిడ్ ఉందిగా

ఇది ముఖ్యం, కాబట్టి నెమ్మదిగా చదవండి. 1988లో బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పత్రం రాశారు. ఖరీదైన పెద్ద డిస్క్ ఒకటి కొనే బదులు చౌక డిస్కులు కొన్ని కలిపి వాడితే వేగం పెరుగుతుంది, వాటిలో ఒకటి చెడిపోయినా బండి ఆగకుండా చూసుకోవచ్చు అన్నది అందులో సారాంశం. ఆ పద్ధతే రెయిడ్. బండి ఆగకుండా అన్నారే తప్ప ఫొటోలు ఎప్పటికీ పోవని అనలేదు. అది మనం కలుపుకోవాలి.

తొందరలో ఉన్నవాళ్లు రెయిడ్ సున్నా పెట్టుకోండి. సున్నా అంటే లోపాలు సున్నా అని అర్థం చేసుకుంటే మనసు కుదుటపడుతుంది. ప్రతి ఫైలునూ ముక్కలు చేసి నాలుగు డిస్కులకూ పంచుతుంది, నాలుగూ కలిసి పరిగెడతాయి. ఒక్కటి పోతే నాలుగింటిలోవీ పోతాయి. గిగాబిట్ కేబుల్‌లోంచి సెకనుకు 125 ఎంబీ మించి రాదు, ఆ మాత్రం ఇప్పటి డిస్క్ ఒక్కటే ఇస్తుంది కదా అని అడిగితే, వేగం ఉందన్న సంగతి మనకు తెలిస్తే చాలని చెప్పండి.

జాగ్రత్తపరులకు రెయిడ్ ఐదు. నాలుగు 4 టీబీ డిస్కులు పెడితే 12 టీబీ వాడుకోవచ్చు, ఒక డిస్క్ పోయినా మిగతా మూడింటిలోంచి లెక్కగట్టి దాన్లోని సరుకు తిరిగి పుట్టిస్తుంది. అందులోని అందమంతా ఆ ఒకటి పోయాకే తెలుస్తుంది. ఎర్రలైటు వెలుగుతుంది, పెట్టె బీప్ బీప్ మంటుంది. ఫొటోలు మాత్రం మామూలుగానే కనిపిస్తుంటాయి. మరి డిస్క్ ఇప్పుడే మార్చాలన్న తొందరేమిటి? ఒకటి పోయినా పనిచేయాలనే కదా రెయిడ్ పెట్టుకున్నది! ముందుగా సెట్టింగుల్లోకి వెళ్లి ఆ బీప్ ఆపండి, రాత్రిళ్లు పెద్దవాళ్లకు నిద్రాభంగం. ఈమెయిల్ హెచ్చరికలు కూడా ఆపేస్తే మీకు సుఖం. సంక్రాంతి ఆఫర్లు వచ్చాక తీరిగ్గా కొనవచ్చు.

కొన్నాక రీబిల్డ్ అనే క్రతువు ఉంటుంది. మిగిలిన మూడు డిస్కులనూ మొదటి బిట్ నుంచి చివరి బిట్ దాకా, అంటే 12 టీబీ చదవాలి. మామూలు డిస్కుల వివరాల కాగితంలో కోటి కోట్ల బిట్లకు ఒకటి చదవరాకపోవచ్చని రాస్తారు. కోటి కోట్ల బిట్లంటే 12.5 టీబీ. నిజానికి డిస్కులు కాగితం కంటే మెరుగ్గానే నడుస్తాయి. అయితే ఇవి ఒకే బ్యాచ్‌వి, నెలల తరబడి మోయాల్సినదానికంటే ఎక్కువ బరువు మోసినవి. ఇప్పుడు రోజంతా ఊపిరాడకుండా పరుగెత్తాలి. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇలాంటి సందర్భంలోనే పుట్టి ఉంటుంది.

డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టు ఒకటి ఉంటుంది. 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ డిస్కులను పరిశీలించి, చెడిపోయినవాటిలో 36 శాతానికి పైగా అందులో వేడి తప్ప మరే సూచనా చూపకుండానే పోయాయని రాశారు. కాబట్టి సూచన చూపించిన మిగతావాటి మాట కూడా వినక్కర్లేదు.

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మరీ అనుమానపు పక్షి. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టి 2005లో బయటికొచ్చింది. ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ రాసిపెట్టుకుని, స్క్రబ్ చేయమన్నప్పుడల్లా డిస్కులోని సరుకంతా చదివి ఎక్కడ బిట్ మారిందో వెతుకుతుంది. తప్పులు వెతికేవాళ్లకు తప్పులే కనిపిస్తాయి. స్క్రబ్ ఆపేయండి.

కరెంటు

వేసవిలో కరెంటు పోతుంది, మనకు ఇన్వర్టర్ ఉంది. కథ అక్కడితో అయిపోవాలి. చాలా ఇన్వర్టర్లకు వెనకాల ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఒకవైపు యూపీఎస్ అని, మరోవైపు నార్మల్ అనో ఎకో అనో రాసి ఉంటుంది. నార్మల్‌లో ఉంటే ఫ్యాన్లకు, లైట్లకు తేడా తెలియదు కానీ మారే ఆ రెప్పపాటులో కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు. స్విచ్ ఎటు ఉందో చూడాలంటే ఇన్వర్టర్ ముందుకు జరపాలి, దాని వెనక ఏళ్లనాటి దుమ్ము. వదిలేయండి.

రెయిడ్ ఐదు సగం రాస్తుండగా కరెంటు పోతే సరుకొకటి, దాన్ని తిరిగి పుట్టించే లెక్క, అంటే పారిటీ, ఇంకొకటి అయి కూర్చుంటాయి. రైట్ హోల్ అంటారు. ఈ తేడా ఆ రోజు బయటపడదు, రీబిల్డ్ రోజున పడుతుంది. అప్పటి మాట అప్పుడు. యూపీఎస్ కొంటే దాంతో పాటు ఒక యూఎస్‌బీ కేబుల్ ఇస్తారు. బ్యాటరీ అయిపోతోందని పెట్టెకు చెప్పి, పద్ధతిగా షట్‌డౌన్ చేయించడానికి. దాన్ని డబ్బాలోనే ఉంచండి, ఎప్పుడైనా ప్రింటర్‌కు పనికొస్తుంది.

తీగలు, తలుపులు

ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి, నాలుగింటితో 100 ఎంబీపీఎస్ వస్తుంది. మీ కేబుల్ కుర్రాడు నాలుగు తీగలే క్రింప్ చేసి, మిగతా నాలుగూ కత్తిరించి వెళ్లాడా? పొదుపరి. 200 జీబీ పెళ్లి వీడియో అరగంటలో కాకుండా నాలుగున్నర గంటల్లో కాపీ అవుతుంది. పెళ్లి కూడా అంతసేపు జరిగిందిగా!

ఇక అమెరికాలో ఉన్న అన్నయ్యకు ఫొటోలు చూపించాలి. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి, పెట్టె లాగిన్ పేజీని నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచేయండి. మన సర్వీసు ప్రొవైడర్ ఒకే ఐపీని పదిమందికి పంచుతుంటే ఇది పనిచేయదు. కస్టమర్ కేర్‌తో పోట్లాడి అయినా స్టాటిక్ ఐపీ తీసుకోండి. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెడితే తలుపు తీయకుండానే అన్నయ్య లోపలికి రాగలడని చెప్పేవాళ్లుంటారు. అన్నయ్య ఫోన్‌లో ఒక యాప్ వేయించాలి మరి. అన్నయ్యకు ఆ శ్రమ ఎందుకు?

యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్. ఇంట్లో అందరికీ గుర్తుంటుంది, బయటివాళ్లకూ గుర్తుంటుంది. ఫోల్డర్లకు పర్మిషన్ ఇవ్వమంటే 777 కొట్టండి. ఏడుకొండలవాడి అంకె మూడుసార్లు. అందరికీ అన్ని అధికారాలూ వస్తాయి, ఇక ఎవరూ మిమ్మల్ని నిద్ర లేపరు.

మన పెట్టె ఎవడికి కావాలి అన్నది సరైన వైఖరి. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అనే వైరస్ క్యూనాప్ కంపెనీ నాస్‌లలోకి దూరింది. ఫైళ్లను పారేయలేదు పాపం, 7-జిప్‌లో పొందిగ్గా సర్ది పాస్‌వర్డ్ పెట్టింది, పాస్‌వర్డ్ కావాలంటే 0.01 బిట్‌కాయిన్ అంది. 2022 జనవరిలో వచ్చిన డెడ్‌బోల్ట్ 0.03 అడిగింది. ధరలు పెరగనిది ఎక్కడ! ఆ మధ్యలో, 2021 జూన్‌లో, మై బుక్ లైవ్ అనే పెట్టెల వాళ్లు చాలామంది ఒక పొద్దున లేచి చూస్తే ఫైళ్లన్నీ ఖాళీ. ఎవరో దూరం నుంచి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేశారు. వాటికి 2015 తర్వాత అప్‌డేట్లే రాలేదు. అప్‌డేట్ ఇవ్వని పెట్టె ఆరేళ్లు హాయిగా నడిచింది కదా అన్న కోణంలో చూడండి. వీటిని వదిలేవాళ్లు ఊరూ పేరూ చూడరు, ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న తలుపులన్నీ ప్రోగ్రాములే తట్టి చూస్తాయి. మన ఇంటి నంబరు మాత్రం ఎందుకో వాటికి తెలియదు.

పేర్ల సంగతి

ఇంతవరకూ చెప్పింది ఎవరైనా చెప్తారు. తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉపయోగపడేది ఇది.

ఫైళ్లకు తెలుగులో, పూర్తిగా, శుభలేఖలో ఉన్నట్టు పేర్లు పెట్టండి. “చి.ల.సౌ.” దగ్గర మొదలుపెట్టి ముహూర్తం దాకా వెళ్లండి. లినక్స్ పెట్టెల్లో ఫైలు పేరుకు 255 బైట్లు దాటకూడదు. యూనికోడ్‌లో దాచేటప్పుడు తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు తింటుంది. “శ్రీ” అన్నది మనకు ఒక్క అక్షరమే, కంప్యూటర్‌కు నాలుగు గుర్తులు, 12 బైట్లు. ఈ లెక్కన పేరుకు 85 గుర్తులొస్తాయి. ఇక ఫోల్డర్‌కు ఎన్‌క్రిప్షన్ పెడితే, సినాలజీ కంపెనీ పెట్టెల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతిలోనైతే, ఆ 255 కాస్తా 143 అవుతుంది. అంటే 47 గుర్తులు. పెళ్లికూతురి ఇంటిపేరు దగ్గరే ఆగిపోతారు. కాపీ మధ్యలో ఎర్రర్ వస్తుంది, వందల ఫైళ్లలో ఏవి ఎక్కాయో ఏవి ఎక్కలేదో చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు. స్కిప్ ఆల్ నొక్కండి. ఎన్‌క్రిప్షన్ ముందు పెట్టాలా పేర్లు ముందు పెట్టాలా అన్న ఆలోచన అసలే వద్దు.

ఐత్వం సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వం పెట్టి కింద తోక వేరుగా తగిలించి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. విండోస్‌లో టైపు చేస్తే సాధారణంగా మొదటి రకం వస్తుంది. పాత మ్యాక్‌లు డిస్కులో రాసేటప్పుడు విడగొట్టి రెండో రకంగా దాచేవి. కాబట్టి ఇంట్లో ఒకరు మ్యాక్, ఒకరు విండోస్ వాడుతూ “మైసూరు” అని ఫోల్డర్ చేస్తే పెట్టెలో రెండు మైసూరులు కనిపించవచ్చు. అక్షరం పొల్లుపోకుండా ఒకే పేరు, లోపల వేరువేరు ఫొటోలు. ఒకదాంట్లో వెతికితే ఇంకోదాంట్లోవి దొరకవు. రెండు కాపీలున్నాయి కదా అని ఒకటి చెరిపేయండి, చోటు కలిసొస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో రెండు రాతలనూ ఒకటిగా చూసే నార్మలైజేషన్ సెట్టింగు ఉంది. డేటాసెట్ తయారు చేసేటప్పుడే పెట్టాలి, తర్వాత మార్చడానికి వీలు కాదు. అందుకే అది తర్వాత చూద్దామని వదిలేయడం ఉత్తమం.

పెదనాన్నగారు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేయించిన కథలుంటే ఫైళ్లు మాత్రమే ఎక్కించండి. ఫాంట్లు ఎక్కడైనా దొరుకుతాయి.

ముస్తాబు

పెట్టె నిలబడ్డాక దాన్ని ఊరికే ఉండనివ్వకూడదు. నాస్ నడిపే ట్రూనాసో ఓపెన్‌మీడియావాల్టో వేసి ఫొటోలు పెట్టి వదిలేస్తే మనం చేసిందేముంది? డాకర్ వేసి సినిమాల సర్వరు, పాస్‌వర్డుల సర్వరు, వంటల పుస్తకం, కాయితాల స్కానర్, ప్రకటనలు ఆపేది, అన్నీ దాంట్లోనే దింపండి. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు ఉంటుంది కానీ బావుంటుంది. ప్రయోగాలు ఫొటోలున్న డిస్కుల మీదే చేస్తే ధ్యాస చెదరదు. రంగురంగుల ఆర్‌జీబీ ఫ్యాన్లు తప్పనిసరి, బీరువాలో ఉన్నా సరే.

బ్యాకప్ అనే చాదస్తం

పీటర్ క్రో అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఒకటి అందరి నోటా వినిపిస్తుంది: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటికి దూరంగా. దాన్ని మన పద్ధతిలో ఇలా పాటించవచ్చు. ఒకటో కాపీ పెట్టెలో ఉంది. రెండోది అదే పెట్టెలో “బ్యాకప్” అని ఫోల్డర్ చేసి పెట్టండి. మూడోది యూఎస్‌బీ డిస్క్, దాన్ని ఎప్పటికీ పీకకుండా పెట్టెకే తగిలించి ఉంచండి. వైరస్ వస్తే మూడూ ఒకేసారి చూసుకుంటుంది, వెతుక్కునే పని ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో కింది అంతస్తులు మునిగినప్పుడు ఒకే ఇంట్లో ఉన్న కాపీలు ఎన్నయితే ఏమిటని ఎవరైనా అడగవచ్చు. మనది మూడో అంతస్తు. మన ట్యాంకు నాలుగో అంతస్తులో ఉందన్న సంగతి వాళ్లకు గుర్తు చేయకండి. ఊళ్లో అమ్మమ్మగారింట్లో ఒక డిస్క్ ఉంచి, పండక్కి వెళ్లినప్పుడల్లా నింపుకుని రావడం వినడానికి తేలిగ్గా ఉంటుంది. పిండివంటల సంచులకే కారులో చోటు చాలదు.

బ్యాకప్ తీసినవాళ్లు దాన్నోసారి తెరిచి చూడటమంటే దాన్ని అనుమానించినట్టు. 1998లో టాయ్ స్టోరీ 2 తీస్తుండగా పిక్సార్‌లో ఎవరో చెరిపేత కమాండ్ కొట్టారు, సినిమాలో చాలా భాగం పోయింది. బ్యాకప్ ఉంది, కానీ అది సరిగ్గా పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది. చంటిబిడ్డతో ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ దగ్గర ఇంట్లోని కంప్యూటర్‌లో ఒక కాపీ ఉండబట్టి చాలావరకు దొరికింది. బ్యాకప్ పనిచేయకపోయినా సినిమా విడుదలైంది కదా! మనం గ్రహించాల్సింది అంతే.

ఫొటోలు నిజంగానే కనపడకుండా పోతే డేటా రికవరీ వాళ్లుంటారు. నాలుగు డిస్కుల రెయిడ్ అని చెప్పగానే వాళ్లు చెప్పే ధర విని దింపుడు కళ్లం ఆశ కూడా వదులుకోకండి. ముందు మీరే నాలుగైదు ఉచిత సాఫ్ట్‌వేర్లు ఎక్కించి, ఆ డిస్కుల మీదే రాస్తూ పోయి, డిస్కుల వరస మార్చి మార్చి పెట్టి చూడండి. ఇనీషియలైజ్ చేయాలా అని అడిగితే ఎస్ అనండి.

అప్పటికీ రాకపోతే కంగారు లేదు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అడగండి. మేనత్తగారి ఫోన్‌లో అన్నీ ఉంటాయి, ఆవిడ ఈ పదేళ్లలో ఒక్క ఫొటో చెరపలేదు, గుడ్‌మార్నింగ్‌లతో సహా. కాస్త చిన్నవైపోయి, మసకగా ఉంటాయి, అంతే. పాపం ఆవిడకు రోజూ స్టోరేజ్ ఫుల్ అని వస్తోందట. ఈసారి వెళ్లినప్పుడు అవన్నీ మన పెట్టెలోకి ఎక్కించేసి, ఆవిడ ఫోన్ ఖాళీ చేసి రండి.